వంకర లేని మొహం

ప్రియమైన పిన్నికి,

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని కవరు చింపకముందే నన్ను నాలుగు తిట్టి ఉంటావు. తిట్టుకో. కానీ నిలబడి చదవకు, కూర్చుని చదువు.

రెండు నెలల నుంచి నీ వీడియో కాల్ ఎత్తడం లేదు. ఒకసారి నెట్ లేదన్నాను, ఒకసారి కెమెరా పాడైందన్నాను. మామూలు ఫోను చేస్తే గొంతు పట్టేసిందని నీ అల్లుడి చేత చెప్పించాను. నెట్ బాగానే ఉంది. కెమెరా బాగానే ఉంది. బాగా లేనిది నా మొహమే.

కంగారు పడకు, ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు. ఒకరోజు పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమవైపు నుంచి కారిపోయాయి. నిద్రమత్తు అనుకున్నాను. తర్వాత టీ కూడా అలాగే బట్టల మీద పడింది. మా అమ్మాయి పిచ్చుక నా వంక చూసి, నేను ఆటపట్టిస్తున్నాననుకుని, తనూ నోరు ఒక పక్కకి లాగి వెక్కిరించింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా వంకరపోయింది కాబోలు, అది పడీపడీ నవ్వింది. కాసేపటికి దాని మొహం మామూలుగా అయిపోయింది, నాది కాలేదు. అప్పుడు దాని నవ్వు టక్కున ఆగింది. అది అలా ఆగిపోవడం చూశాక అద్దం దగ్గరికి వెళ్ళాను పిన్నీ.

పక్షవాతం కాదన్నాడు డాక్టరు. మొహానికి వెళ్ళే నరం వాచిందట. చాలామందికి కొన్ని నెలల్లో నయమవుతుంది, కొందరికి కాస్త మిగిలిపోతుంది అన్నాడు. నేను ఏ రకమో చెప్పలేదు. ఎడమ కన్ను దానంతటది మూసుకోదు, పడుకునే ముందు వేలితో రెప్ప దించి టేపు అంటించుకుంటాను. పెదవులు కలవాల్సిన అక్షరాలు నా మాట వినడం లేదు. ప, బ, మ మూడూ జారిపోతున్నాయి. నిన్ను పిలుద్దామని నోరు తెరిస్తే గాలితో కలిసి ‘ఫిన్ని’ అని వస్తోంది. అమ్మ పోయాక నేను నోరారా పిలుచుకున్నది నిన్నొక్కదాన్నే. ఆ పిలుపు నీ చెవిన అలా పడకూడదని ఫోను ఎత్తలేదు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసుగా. కళ్ళజోళ్ళ షాపు కౌంటరులో నిలబడి ఏ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పడం, ముక్కు మీదా చెవుల వెనకా కుదురుగా కూర్చునేలా వంచి ఇవ్వడం. సెలవు అయిపోయి వెళ్ళిన రోజున మా సారు నా వైపు చూడకుండా, కంప్యూటరు వైపు చూస్తూ, “అమ్మా, కొన్నాళ్ళు వెనక గదిలో ఉండు. వచ్చిన సరుకు తుడిచి పెట్టెల్లో సర్దు. కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారు” అన్నారు. నేను వచ్చిందే ఆ రోజు, అప్పుడే ఏ కస్టమరు ఇబ్బంది పడ్డాడు? అడగాలనిపించింది, అడగలేదు. నిజం చెప్పనా, లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. షాపు ముందు భాగమంతా మొహం చూసుకునే అద్దాలే, ఎటు తిరిగినా నేనే కనిపిస్తాను. వెనక గదిలో ఒక్కటీ లేదు.

ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పేది నీ అల్లుడికి కూడా తెలియదు. పోయిన వారం పిచ్చుక బడిలో తల్లిదండ్రుల మీటింగు. ప్రతిసారీ నేనే వెళ్తాను. ఈసారి అది బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండా, “నాన్న వస్తాడులే అమ్మా” అంది. “నాన్నకి పనుందిగా?” అన్నాను. “రమ్మను” అంది. అంతే. నీ అల్లుడు వైరింగు పని మధ్యలో వదిలేసి వెళ్ళాడు. నేను ఇంట్లో కూర్చుని మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టాను.

ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తాను. నువ్వు మాత్రం రావద్దు. వస్తే నన్ను చూస్తావు, చూస్తే ఏడుస్తావు. నిన్ను ఓదార్చే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

నీ
బొద్దు

*

నా పిన్నికి,

నా ఉత్తరం అందగానే నీ అల్లుడికి ఫోను చేసి అరిచావట. ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా నీ గొంతు వంటింట్లోకి వినిపించింది. నలభై ఏళ్ళు టెలిఫోను ఆఫీసులో పనిచేసిన గొంతు మరి. రావద్దంటే రానన్నావు చూడు, అందుకు నీకు నా దణ్ణాలు.

ఈసారి ఏడుపు ఉత్తరం కాదులే. నేను బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. నవ్వకు. నేను ఆవు బొమ్మ వేస్తే నువ్వు బల్ల అనుకున్న సంగతి నాకూ గుర్తుంది.

మొహానికి వ్యాయామాలు చేయించే క్లినిక్కి వెళ్తున్నాను. బుగ్గలు ఉబ్బించడం, కనుబొమలు ఎత్తడం, ‘ఈ’ అనీ ‘ఊ’ అనీ సాగదీయడం. ఇంట్లో అద్దం ముందు చెయ్యమన్నారు, నేను గోడ ముందు చేస్తున్నాను. అక్కడ నా వంతు కోసం కూర్చునే హాల్లో ఒక పెద్దాయన కనిపిస్తారు. బతుకంతా బళ్ళో డ్రాయింగు చెప్పారట. ఇప్పుడు కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవదు. అందుకని ఎడమచేత్తో మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నారు. హాల్లో ఉన్నవాళ్ళందరినీ గీస్తారు. ఆ బొమ్మలు ఎంత ఘోరంగా ఉంటాయో చెప్పలేను. అవి చూసుకుని ఆయన మురిసిపోతూ ఉంటారు. నేను లోపల ఎడమచేతి మాస్టారని పేరు పెట్టుకున్నాను.

ఒకరోజు ఆయన పెన్సిలు నా వైపు తిరిగింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, “నన్ను గీయకండి” అన్నాను. “సరే తల్లీ, అయితే నువ్వు నన్ను గియ్యి” అని కాగితాల అట్టా పెన్సిలూ నా ఒళ్ళో పెట్టేశారు. ఏం చెయ్యను? గుండ్రంగా ఒక గుడ్డు గీసి, కళ్ళు పెట్టి, నెత్తిన గీతలు గీశాను. ఆయన దాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసి, “నాకింత జుట్టుందా! ఇది నేను దాచుకుంటాను” అన్నారు. చాలా రోజుల తర్వాత ఆపుకోలేక నవ్వాను. చేతిరుమాలు ఎప్పుడు కిందపడిందో కూడా తెలియలేదు.

అప్పటినుంచి రోజూ ఇంట్లో ఏదో ఒక వస్తువు గీసి తీసుకెళ్ళాలని హుకుం. “బాగా రావక్కర్లేదు, రోజూ రావాలి” అంటారు. రబ్బరు వాడకూడదు. “తుడిచావంటే చూడటం మానేసి సిగ్గుపడటం మొదలుపెట్టావన్నమాట” అంటారు. మొదట స్టీలు గ్లాసు గీశాను. పైన సున్నా, కింద అడ్డగీత. మాస్టారు తన టీ గ్లాసు నా కళ్ళకి ఎదురుగా పట్టుకుని, “దీని మూతి నీకు సున్నాలా కనిపిస్తోందా, సున్నాలా ఉంటుందని నీకు ముందే తెలుసా?” అని అడిగారు. చూశాను. సున్నా కాదు పిన్నీ, నొక్కిన చేతిగాజులా సాగిపోయి ఉంది. ఇన్నేళ్ళుగా రోజూ ఆ గ్లాసులోనే తాగుతున్నాను!

తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు గీశాను. నీ అల్లుడి చెప్పు మడమ ఒక పక్కనే అరిగి ఉంది, అతను కాస్త పక్కకి ఒరిగి నడుస్తాడని అప్పుడే తెలిసింది. తలుపు గొళ్ళెం గీశాను, నలిగిన పేస్టు ట్యూబు గీశాను. షాపు వెనక గదిలో భోజనాల వేళ మడిచిన కళ్ళజోడు గీయబోయి వారం రోజులు ఓడిపోయాను. అదొక మొండిఘటం. దాని కాడలు ఎటు పోతున్నాయో నాకు అంతు చిక్కలేదు.

వస్తువులు అయ్యాక మనుషుల మీద పడ్డాను. ఆదివారం మధ్యాహ్నం నీ అల్లుడు గుర్రు పెడుతుంటే ఎదురుగా కూర్చుని గీశాను. ముక్కు కుడివైపుకి వాలి ఉంది. ఒక కనుబొమ ఇంకోదానికంటే పైన ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో చూడలేదు. లేచాక చెప్తే అద్దం దగ్గరికి పరిగెత్తి, “ఇది నువ్వు గీశాక వచ్చిన వంకర” అన్నాడు. బస్సులో కండక్టరుని గీశాను, క్లినిక్కులో చీటీలిచ్చే అమ్మాయిని గీశాను. ఒక్క మొహమూ రెండు పక్కలా ఒకేలా లేదు. ఒకళ్ళ పెదవి ఒక మూల పైకి, ఒకళ్ళ కన్ను కాస్త చిన్నది, ఒకళ్ళ చెవి కిందికి. చెవుల సంగతి నా చేతులకి ముందే తెలుసు, కళ్ళజోడు కాడలు ఒకటి పైకీ ఒకటి కిందికీ వంచి ఇస్తూనే ఉన్నాను కదా.

ఇదంతా చదివి, అయితే దీనికి బుద్ధి వచ్చిందని సంబరపడకు. వాళ్ళ వంకర పుట్టినప్పటిది. దాన్ని ఎవరూ వంకర అనరు, అదే వాళ్ళ మొహం. నాది నిన్నటిది. అదీ ఇదీ ఒకటెలా అవుతుంది? మాస్టారిని అడిగితే, “అవదు” అన్నారు. “అవుతుందని చెప్పమంటే చెప్తాను గానీ, నా కుడిచెయ్యి లేవకపోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది” అన్నారు. ఓదార్చకుండా అలా అన్నందుకే ఆయన మీద గౌరవం పెరిగింది.

రాజీనామా రాసి ఉంచాను. సారు బల్ల మీద పెట్టేసి వచ్చేస్తాను.

నీ
బొద్దు

*

ఒసే బొద్దూ,

నా చేతిరాత ఇలాగే ఉంటుంది, విసుక్కోకు. నువ్వు ఉత్తరంలో పెట్టి పంపిన చెప్పుల బొమ్మ చూశాను. చెప్పులని తెలిసింది. ఆవు రోజులనుంచి చాలా దూరం వచ్చావు.

నేను ఏడవలేదని అబద్ధం చెప్పను. ఏడ్చాను, మొహం కడుక్కున్నాను, అయిపోయింది. ఇప్పుడు విను. నేను బతుకంతా మొహాలు చూడకుండా మనుషులతో మాట్లాడినదాన్ని. అవతలి మనిషి నల్లనో తెల్లనో తెలిసేది కాదు గానీ, నవ్వుతున్నాడో పళ్ళు నూరుతున్నాడో, గొంతులోనే పోల్చుకునేదాన్ని. కాబట్టి నువ్వు ‘ఫిన్ని’ అన్నా ‘ఫున్ని’ అన్నా నాకు నువ్వే వినిపిస్తావు. ఇకమీదట గొంతు పట్టేసిందని నా అల్లుడి చేత అబద్ధాలు చెప్పించావో, ఊరుకోను. అతనికి అబద్ధం చెప్పడం చాతకాదు పాపం, మధ్యలో దగ్గుతాడు.

పిచ్చుక అన్న మాటకి నీ మనసు ఎంత నొచ్చుకుందో నాకు తెలుసు. దాన్ని ఏమీ అడగకు. పిల్లలు మనం అడిగినప్పుడు చెప్పరు, వాళ్ళకి తోచినప్పుడు చెప్తారు. నువ్వూ అంతే చేసేదానివి.

ఉద్యోగం మానేస్తావా, మానెయ్యి. నాకేం అభ్యంతరం లేదు. కానీ కాగితం బల్ల మీద పడేసి దొంగలా రావడమేమిటే? నిన్ను అలా పెంచానా? ఆ మనిషి ఎదురుగా నిలబడి, అతని కళ్ళలోకి చూసి, మానేస్తున్నానని చెప్పు. అతను తల తిప్పుకుంటే అది అతని ఖర్మ.

ఇంకో మాట. నా బొమ్మ కూడా వేసి పంపు. ఫొటో చూసి వెయ్యి. గడ్డం కింద రెండోది ఉంటుంది, దాన్ని మాత్రం చూడనట్టు నటించు.

పిన్ని

*

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే చేశాను, చేసింది మాత్రం ఇంకోలా తిరిగింది. మొదటినుంచీ చెప్తాను.

భోజనాల వేళ షాపులో ఎవరూ లేరు. సారు కౌంటరు వెనక కూర్చుని ఉన్నారు. కాగితం ఇచ్చాను. చదివారు, మడిచారు, మళ్ళీ విప్పారు. “ఇప్పుడేమయిందమ్మా? జీతం తగ్గించలేదు కదా” అని కంప్యూటరుని అడిగారు. నిజంగానే దాన్నే అడిగినట్టుంది. నాకు ఒళ్ళు మండింది.

“సార్, నేను తిరిగి వచ్చినప్పటినుంచి మీరు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.”

“అదేం లేదే. చూస్తూనే ఉన్నాగా.”

“అయితే ఇప్పుడు చూడండి. మీ బొమ్మ వేస్తాను. పది నిమిషాలు కూర్చోండి, తర్వాత నేను వెళ్ళిపోతాను.”

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ‘బొమ్మ’ సగం గాలిలో కలిసిపోయింది కూడా. రోజూ ఎవరినో ఒకరిని గీస్తూ ఉండటంతో మనిషిని సరిగ్గా చూడాలంటే నాకు అదొక్కటే దారిగా తోచింది కాబోలు. ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వచ్చి కస్టమర్ల కుర్చీలో కూర్చున్నారు. నేను ఎదురుగా స్టూలు వేసుకున్నాను.

ఆయన నుదురు గీశాను, కళ్ళజోడు గీశాను. ఆ మొండిఘటం ఆ రోజు నా మాట విన్నది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు గోడ మీదుంది. “సార్, ఇటు.” ఇటు చూసి, మళ్ళీ గోడవైపు తిప్పేసుకున్నారు. “సార్, ఇటు చూడండి. కళ్ళు కుదరడం లేదు.” ఈసారి చూశారు. నా నోటి ఎడమ మూలనే చూస్తూ ఉండిపోయారు. చూస్తుండగానే ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా పెన్సిలు ఆగిపోయింది.

“మా ఆవిడకి కూడా ఎడమవైపేనమ్మా” అన్నారు.

ఆయన భార్య పోయిందని తెలుసు గానీ, ఎలాగన్నది షాపులో ఎవరమూ అడగలేదు. పక్షవాతమట. నోరు ఎడమవైపుకి జారిపోయిందట. చివరి నెలల్లో ఈయనే చెంచాతో గంజి తాగించేవారు. అందులో సగం బయటికి వచ్చేసేది, తుడుస్తూ మళ్ళీ పట్టేవారు. ఆవిడ ఏదో చెప్పబోయేది, ఈయనకి అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తల ఊపేవారట. “ఊపకుండా ఉండాల్సింది. ఏమన్నావు అని ఇంకోసారి అడగాల్సింది. అది నా మొహం చూసి, వీడికి తెలియలేదని తెలుసుకుని, చెప్పడమే మానేసింది” అన్నారు. “నువ్వు ఆ రోజు తలుపు తోసుకుని వచ్చి నమస్తే సార్ అన్నావు చూడు, నాకు ఆ మంచమే కనిపించింది. నేను పొద్దస్తమానం ఈ కౌంటరులో ఎలా కూర్చోను?”

“మరి కస్టమర్లు ఇబ్బంది పడ్డారన్నారుగా?”

“ఎవరూ పడలేదు. నీ గురించి అడిగినవాళ్ళే ఉన్నారు, ఆ అమ్మాయి ఏదీ, ఆవిడైతే బాగా సరిచేసి ఇస్తుంది అని.”

నాకు కోపం రాలేదని చెప్పను పిన్నీ. జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి, దేన్ని ముందు బయటికి పంపాలో తెలియలేదు. ఇన్నాళ్ళు ఆ వెనక గదిలో కూర్చుని, నన్ను చూస్తే జనం పారిపోతారని నమ్మాను. బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకున్నాను. బజారుకి నీ అల్లుణ్ణి తోలాను. ఆయన దుఃఖానికి నేను మూల్యం చెల్లించాను. అలాగని ఆయన దుఃఖం అబద్ధం కాదు.

“సార్, మీకు కష్టంగా ఉంటే మీకు కష్టంగా ఉందని చెప్పండి. ఇంకెవరి మీదా పెట్టకండి. అప్పుడే అలా చెప్పి ఉంటే నేను మానేసేదాన్నే గానీ, నన్ను నేను ఇంత అసహ్యించుకునేదాన్ని కాదు” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, “తప్పేనమ్మా” అన్నారు. నా కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, “రేపటినుంచి ముందు కూర్చో. నేను అప్పుడప్పుడూ లేచి బయటికి వెళ్తే ఏమీ అనుకోకు” అన్నారు. బొమ్మ చూపించమన్నారు. చూపించాను. కళ్ళు సరిగ్గా రాలేదు. నోరు మాత్రం వచ్చింది, ఏడుపు ఆపుకునే నోరు. ఆయన దాన్ని చూసి, “ఇలా ఉన్నానా?” అని అడిగారు. అవునన్నాను.

రేపు ఏం చేస్తానో నాకే తెలియదు. వెనక గదికి అలవాటు పడిపోయాను. అక్కడ హాయిగా ఉంది పిన్నీ, ఆ హాయి చూస్తేనే భయమేస్తోంది.

నీ
బొద్దు

*

అమ్మలాంటి పిన్నికి,

నీ బొమ్మ దీంతోపాటు పంపుతున్నాను. రెండో గడ్డం వేశాను. చూసింది చూడనట్టు గీస్తే మాస్టారు ఒప్పుకోరు, ఆయనతోనే పోట్లాడు.

ముందు పిచ్చుక సంగతి. నువ్వన్నట్టే దాన్ని ఏమీ అడగలేదు. కౌంటరుకి తిరిగి వెళ్ళాల్సిన రోజుకి ముందు సాయంత్రం, ఎలాగూ రేపు ఆ అద్దాలన్నీ నన్ను చూపిస్తాయి, ముందు నేనే చూసుకుంటానని చేతి అద్దం తీశాను. అది వచ్చి, “నేను పట్టుకుంటాలే” అని అద్దం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. గీయడం మొదలుపెట్టాను. చెయ్యి దానంతటదే గీసుకుపోయింది. కాగితం మీద అందంగా ఒక నవ్వు మొహం వచ్చింది.

పిచ్చుక తొంగిచూసి, “ఇది పాత నువ్వు. చూడకుండా వేశావు” అంది.

నిజమే. నాకు తెలిసిన మొహం గీశాను. ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పక్కన అది కాపలా. “కన్ను ఇంకా కిందికి, అమ్మా. ఆ గీత ఇక్కడ లేదు. పెదవి మూల ఇంకొంచెం జరగాలి.” కాస్త జాలి కూడా లేకుండా, లెక్కలు సరిదిద్దే టీచరులా చెప్పుకుపోయింది. నేను కళ్ళు తుడుచుకుంటూ గీశాను. కుడి కన్ను తుడుచుకుంటే చాలు, ఎడమది మూసుకోక ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కదా. అందుకని పిచ్చుకకి ఏడుపని తెలియలేదనుకుంటాను.

బొమ్మ అయ్యాక అదే అంది, అద్దం పక్కన పెడుతూ. “మీటింగుకి నిన్ను రావద్దన్నాను కదా. అప్పుడు నాకు సిగ్గేసింది.”

“ఇప్పుడు?”

ఆలోచించింది. అబద్ధం చెప్పకూడదని ఆలోచించింది, ఆ మొహం నాకు తెలుసు. “కొంచెం వేస్తుంది. కానీ నాన్న టీచరు చెప్పినవన్నీ మర్చిపోయాడు. ఈసారి నువ్వే రా.”

పిన్నీ, సిగ్గు అస్సలు లేదని అది చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ ‘కొంచెం’ నమ్మాను. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. బడికి వెళ్ళాను కూడా. ఒకరిద్దరు పిల్లలు నన్ను రెప్పవేయకుండా చూశారు. పిచ్చుక నా చెయ్యి వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు గానీ బాగా చెమట పట్టింది దాని చెయ్యి.

డాక్టరు నిన్న కనుబొమ కాస్త కదిలిందన్నాడు. నోరు ఎంతవరకు వస్తుందో చూద్దాం అన్నాడు. రాకపోతే రాదు అనుకునే పెద్దరికం నాకింకా రాలేదు. రావాలనే కోరుకుంటున్నాను. రోజూ గీస్తున్నాను, రోజూ గోడకి కాకుండా అద్దానికి ఎదురుగానే ‘ఈ’ అంటున్నాను.

ఇక కౌంటరు. మొదటి రోజు అద్దాలన్నీ తుడిచి కూర్చున్నాను. మొట్టమొదట వచ్చింది గొడుగు పట్టుకున్న ఒకాయన. కూర్చుని నా మొహంలోకి సూటిగా చూసి, “ఏమైందమ్మా?” అన్నాడు. సారు తల తిప్పుకోలేదు, అక్కడే ఉన్నారు. ఈ ప్రశ్నకి ఇంట్లో ఎన్ని జవాబులు తయారు చేసుకున్నానో! ఒక్కటీ గుర్తు రాలేదు. “నరం వాచిందండీ, తగ్గుతోంది” అన్నాను. “అయ్యో” అన్నాడు. మనసారా అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి, ఇది తన ముక్కుని ఎలా నొక్కేస్తోందో, ఆ మచ్చలు చూసి ఆఫీసులో ఏమంటున్నారో, పెళ్ళి ఫొటోల్లో తన ముక్కు ఎంత నున్నగా ఉండేదో చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కు గురించి అంత చెప్పొచ్చని నాకు తెలియదు. నేను కాడలు వంచుతున్నాను, అద్దం ఆయన ముందు పెడుతున్నాను. ఆయన అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుంటున్నాడు. నేను ఒకవైపే నవ్వుతున్నాను, ఆయనకి అది కూడా పట్టలేదు.

“ఇప్పుడు బాగుందా?” అని అడిగాడు, నన్నే.

ముక్కు కాస్త ఎడమకి వాలి ఉంది. చాలా బాగుందని చెప్పాను.

నీ
బొద్దు